స్కీయింగ్ ట్రిప్‌లో రోజంతా మంచు వాలు దిగడమా, మధ్యాహ్నానికే ఆపేయడమా: ఏది మేలు?

డాలస్ నుంచి పద్నాలుగు గంటలు కారు నడిపి కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌కి చేరి, కొండ పైకి తీసుకెళ్లే లిఫ్టుల పాస్‌కి అంత డబ్బు పోసి, తీరా ఒంటిగంటకే బూట్లు విప్పేయమంటే ఎవరికైనా మనసొప్పదు. మాకూ ఒప్పలేదు. మొదటి రెండు ట్రిప్పులూ పొద్దున లిఫ్టు తెరిచింది మొదలు నాలుగింటికి మూసేదాకా కొండ మీదే ఉన్నాం. ఇప్పుడు మాత్రం నా ఓటు మధ్యాహ్నానికే ఆపేయడానికి.

రోజంతా ఉండటంలో లాభం లేదనను. పాస్ గిట్టుబాటవుతుంది, జనవరి చలిలో మధ్యాహ్నమే కాస్త హాయిగా ఉంటుంది. ఏడాదంతా వ్యాయామం చేసేవాళ్లు తట్టుకుంటారు కూడా. కానీ మనలో చాలామందిమి పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లం. మెట్లు దిగేటప్పుడు పనిచేసినట్టే స్కీయింగ్‌లోనూ తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి, పైగా కొత్తవాళ్లు కాళ్లకి తగిలించుకునే స్కీ పలకల ముందు కొసలు దగ్గరపెట్టి బ్రేకు వేస్తూ దిగుతారు చూడండి, అది చిన్నప్పుడు బడిలో గోడకుర్చీ వేయించినట్టే. ఆ నొప్పి అప్పటికప్పుడు పూర్తిగా తెలియదు, మర్నాడు మొదలై రెండు మూడు రోజులకి బాగా ముదురుతుంది.

దానికి ఎత్తు తోడవుతుంది. బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 2,926 మీటర్ల ఎత్తున ఉంది, పైలిఫ్టు 3,914 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. ఊళ్లోనే గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు 70 శాతమే, అంటే ఊపిరికి అందే ఆక్సిజన్ తక్కువ. మొదటి రెండు రాత్రులు నిద్ర సరిగా పట్టదు, చలికి దాహం వేయక నీళ్లు తాగం, అలసట తీరకుండానే తెల్లారుతుంది.

మంచు కూడా పొద్దున ఉన్నట్టు ఉండదు. రాత్రి యంత్రంతో చదును చేసిన వాలు మధ్యాహ్నానికి ఒకచోట గీసుకుపోయి గట్టి ఐస్, ఇంకోచోట కుప్పలు. అంటే కాళ్లలో సత్తువ తగ్గే వేళకే పని కష్టమవుతుంది. మా బావగారికి జరిగింది ఇదే. మూడున్నరకి లిఫ్టులో నా పక్కనే కూర్చుని రెండు చేతులతో తొడ నొక్కుకుంటున్నారు, మోకాలు సన్నగా వణుకుతోంది. నేను చూశాను, అయినా ఆపమనలేదు. "ఇంకొక్క రౌండ్" అన్నారు. అలసిన మనిషి తెలియకుండానే వెనక్కి వాలతాడు, అప్పుడు స్కీ ముందుభాగం మంచుని పట్టదు, తిప్పడం రాదు. ఆయన పడింది మెల్లగానే, మెల్లగా మెలి తిరుగుతూ పడ్డారు కాబట్టే, గట్టిగా పడితే ఊడిపోవాల్సిన బూటు స్కీ నుంచి ఊడలేదు, మోకాలి లిగమెంట్ దెబ్బతింది.

మూడో దారి కూడా ఉంది, రోజంతా చేసి మూడో రోజు పూర్తిగా సెలవు పెట్టడం. అయిదారు రోజుల ట్రిప్‌కి, పిల్లలతో వెళ్లినప్పుడు ఇది మంచిదే. మూడు రోజులకే వెళ్లేవాళ్లకి కుదరదు.

మేమిప్పుడు ఎనిమిదిన్నరకల్లా లిఫ్టు దగ్గరుంటాం, పదిన్నరకి ఆగి డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిని నీళ్లు తాగుతాం, ఒంటిగంటకి దిగిపోతాం. పొద్దున్నే బసలో ఎవరికైనా మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవాల్సొచ్చిందంటే మాత్రం, వాళ్లు ఆ పూటకి సులువైన గ్రీన్ వాలు దాటి పైకి వెళ్లరు.