ఎనిమిదేళ్ళ సాధన తర్వాత ‘బ్యాక్ ఇన్ బ్లాక్’: తీగ ఆపడం నేర్పిన ఆల్బమ్

ముందే చెప్పేస్తాను. రాక్ గిటార్ నేర్చుకోవడానికి ఒక్క ఆల్బమే ఎంచుకోమంటే నేను ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ ఏసీ/డీసీ వాళ్ళ ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఎంచుకుంటాను. 1980లో వచ్చింది, 10 పాటలు, 42 నిమిషాలు. విజయనగరంలో అయ్యకోనేరు గట్టు దగ్గర మా మేడ మీది గదిలో ఎనిమిదేళ్ళుగా దాదాపు రోజూ దీంతోనే కూర్చుంటున్నాను. అంతకుముందు ఒక ఆన్‌లైన్ కోర్సుకు డబ్బు కట్టి ఆరు నెలలు స్కేల్సే (స్వరాల వరుసలే) వాయించాను. వేళ్ళు పరిగెత్తాయి గానీ ఒక్క పాట కూడా పాటలా వినిపించలేదు.

టైటిల్ పాట రిఫ్, అంటే మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ వరుస, కాగితం మీద చూస్తే చాలా తేలిక. ‘ఇ’ కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం) ఒక దెబ్బ, ‘డి’ మూడు దెబ్బలు, ‘ఎ’ మూడు దెబ్బలు, ఆ తర్వాత పై తీగల మీంచి కిందికి దిగే చిన్న స్వరాల ముక్క, అంటే లిక్. వారం రోజుల్లో వచ్చేసిందనుకున్నాను. ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా అది ఆ పాటలా లేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

తప్పు పట్టుకున్నది మా పిన్ని. ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్న మనిషి. ఒక సాయంత్రం బట్టలు తియ్యడానికి మేడ మీదికొచ్చి గుమ్మంలో నిలబడి వింది. “ఏటిరా, మీటి వదిలేస్తన్నావు? ఎక్కడ ఆగాలో తీగకి తెలీదు కదా నాన్నా, నువ్వే ఆపాలి” అంది. పక్కన కూర్చుని ఆది తాళం వేసింది. ఒక్కో బారుకు నాలుగు లెక్కలు, రెండు బార్లు కలిపితే సరిగ్గా ఎనిమిది. సమం మీద, అంటే తాళం మొదటి లెక్క మీద, ‘ఇ’ పడాలి, పడి ఆగిపోవాలి. నా చేతిలో అది ‘డి’ వచ్చేదాకా మోగుతూనే ఉంది.

ఆ ఆపడం నేర్చుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఖాళీ తీగలు మోగే కార్డు కాబట్టి ఎడమ చేతి వేళ్ళు ఎత్తితే చాలదు. కుడి అరచేతి అంచు బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర తీగల మీద వాలాలి, అదే క్షణంలో ఎడమ చేతి వేళ్ళు నొక్కకుండా తీగలకు ఆనాలి. ఒక్క చెయ్యే వాడితే ఏదో ఒక తీగ కూస్తుంది. రెండూ కుదిరినప్పుడు ఆ ఖాళీలో డ్రమ్మర్ ఫిల్ రడ్ హై-హ్యాట్ (జంట తాళాలు) టిక్ టిక్‌మని వినిపిస్తుంది. అది వినపడిన రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

అప్పటినుంచి నా చెవి, బ్యాండ్‌లో గిటార్ వాయించే అన్నదమ్ముల్లో తమ్ముడు ఆంగస్ యంగ్ సోలోల మీంచి అన్న మాల్కమ్ వాయించే రిథమ్ మీదికి మళ్ళింది. హెడ్‌ఫోన్స్‌లో ఒక చెవిలో అన్న, రెండో చెవిలో తమ్ముడు వినిపిస్తారు. ఒకవైపు తీసేస్తే ఆ లోటును మీ గిటార్‌తో నింపుకోవచ్చు. ఇంతకన్నా మంచి సాధన పద్ధతి నాకు దొరకలేదు. మాల్కమ్ తన గ్రెచ్ గిటార్‌లో ఒక్క పికప్ (తీగ కదలికను పట్టి యాంప్‌కు పంపే భాగం) మాత్రమే ఉంచుకుని, లావు తీగలు వేసుకుని వాయించాడు. మనం వేసుకునేంత డిస్టార్షన్ (మోతను గరుకుగా చేసేది) అక్కడ లేదు. నా చిన్న యాంప్‌లో ఆ గరుకును పెంచే గెయిన్ సగానికి దించాక గానీ ‘ఎ’ కార్డులో ఏ స్వరానికా స్వరం విడిగా వినపడలేదు. గెయిన్ తగ్గించగానే మన తప్పులన్నీ బయటపడతాయి. మొదట్లో బాధగా ఉంటుంది, కానీ తగ్గించే వాయించండి.

లిక్ గురించి కూడా చెప్పాలి. ఐదు స్వరాల మైనర్ పెంటాటోనిక్ స్కేల్ అది. పిన్ని విని “శుద్ధ ధన్యాసి రాగం స్వరాలేగా” అంది. బెండ్ చెయ్యడం కూడా ఆవిడే సరిదిద్దింది. వీణ మీద తీగను పక్కకు లాగి గమకం పలికించినట్టే ఇదీ. సోలోల్లో బెండ్ వచ్చినప్పుడల్లా చేరాల్సిన స్వరాన్ని ముందు రెండు ఫ్రెట్లు (మెట్లు) పైన మామూలుగా మీటి వినమంది. ఆ తర్వాత కింది ఫ్రెట్‌కొచ్చి, తీగను లాగి సరిగ్గా అక్కడికే చేర్చమంది. ఒక్క వేలితో లాగితే శ్రుతి తప్పుతుంది, ఉంగరపు వేలికి వెనక మరో రెండు వేళ్ళు సాయం పెట్టాలి. మా ప్రాంతం వీణకు పేరున్న ప్రాంతం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మానుతో వీణలు చెక్కుతారు. ఆ చెవి ఉన్న మనిషి ఇంట్లో ఉండటం నా అదృష్టం.

లోటులు కూడా ఉన్నాయి. దీంతో ట్యాపింగ్ (కుడి చేతి వేళ్ళతో ఫ్రెట్ల మీద తట్టి వాయించడం) రాదు, వింత ట్యూనింగులు రావు, మెటల్ వేగం కావాలంటే ఇది చాలదు. చాలా పాటల సాహిత్యం పెద్దవాళ్ళ మధ్య స్పీకర్‌లో పెట్టుకునేది కాదు. కార్డు నుంచి కార్డుకు మారడమే ఇంకా రానివాళ్ళు ముందు ఒక ఆరు నెలలు వేరేచోట నేర్చుకుని రావాలి. ఇంకో మాట, మన ఉక్కకు తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించాక పొడిగుడ్డతో తుడవకపోతే మూడు వారాలకే బెండ్ గరగరలాడుతుంది. నేను విశాఖ వెళ్ళినప్పుడల్లా రెండు సెట్లు తెచ్చిపెట్టుకుంటాను.

ఏ వరుసలో నేర్చుకోవాలంటే, ‘యూ షుక్ మీ ఆల్ నైట్ లాంగ్’తో మొదలుపెట్టండి, ‘జి’, ‘సి’, ‘డి’ కార్డులు చేతికి అలవాటవుతాయి. తర్వాత టైటిల్ పాట, తొందరపడకుండా. ఆ తర్వాత ‘హెల్స్ బెల్స్’. ఆల్బమ్ వచ్చిన ఏడాదే ఫిబ్రవరిలో బ్యాండ్ గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. ఆల్బమ్ మొదలయ్యేది ఈ పాటతోనే, అందులో మొదట మోగేది గంట. దాని వెనకాల ఒక్కో తీగా విడిగా మీటే భాగాన్ని లయ కొట్టే మెట్రోనోమ్ పెట్టుకుని, సగం వేగంతో వాయించండి. ‘షేక్ ఎ లెగ్’ని మాత్రం రెండేళ్ళదాకా ముట్టుకోవద్దు. దాని పూర్తి వేగం నాకు ఇంకా అందలేదు, రోజూ రాత్రి భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు దాని మీదే కూర్చుంటున్నాను.