మూడు సీసాల యూరియా కిట్: సీరమ్‌కి సరే, మూత్రానికి?

సెమీ ఆటో ఎనలైజరో మామూలు కలరీమీటరో ఉన్న చిన్న ల్యాబ్‌లకి బాగా నప్పేది యూరియాని కొలిచే మూడు సీసాల బెర్తెలోట్ కిట్: బఫర్, ఎంజైమ్ (యూరియేజ్), క్రోమోజెన్ (రంగు పుట్టించే ద్రవం), తోడుగా 40 మి.గ్రా./డె.లీ. స్టాండర్డ్ (యూరియా ఎంతుందో ముందే తెలిసిన ద్రావణం). సీరమ్ విషయంలో దీనికి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. 24 గంటల మూత్రం వచ్చినప్పుడే చిక్కు.

పని తేలిక. 1 మి.లీ. బఫర్, 0.1 మి.లీ. ఎంజైమ్, 10 మైక్రోలీటర్ల శాంపిల్ కలిపి 37 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచాలి. యూరియేజ్ యూరియాని విడగొట్టి అమ్మోనియా చేస్తుంది. 0.2 మి.లీ. క్రోమోజెన్ పోసి మరో 5 నిమిషాలు ఆగితే ఆకుపచ్చ తేలుతుంది. 570–600 నానోమీటర్ల మధ్య రీడింగ్ తీయాలి.

మూత్రంలో యూరియా తరచూ డెసిలీటరుకి వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది కాబట్టి 50 రెట్లు పలచన చేయాలి. 0.1 మి.లీ. మూత్రానికి 4.9 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 5 మి.లీ. నీళ్లు పోస్తే అది 51 రెట్లు. 20 మైక్రోలీటర్లు తీసి చేయడం కంటే ఇదే నమ్మకం.

కిట్‌లోని కాగితం పలచన చేసి 50తో గుణించమని చెప్పి ఊరుకుంటే అది చాలదు. ఈ రంగు యూరియాది కాదు, అమ్మోనియాది. మూత్రంలో ముందే ఉన్న అమ్మోనియా కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. రోజుకి 40 మిల్లీమోల్స్ అమ్మోనియా పోతుంటే, లేని యూరియా 1.2 గ్రాములు రిపోర్టుకెక్కుతుంది. అసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరిగిన) రోగుల్లో ఈ తప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే ఎంజైమ్ బదులు 0.1 మి.లీ. నీళ్లు పోసి అదే పలచన మూత్రంతో ఒక యూరిన్ బ్లాంక్ (యూరియా వాటా లేకుండా రంగు చూసే పోలిక గొట్టం) పెట్టాలి. దీన్ని ఎంజైమ్ లేని నీళ్ల బ్లాంక్‌తోనే సున్నా చేయాలి, ఎంజైమ్ కలిపిన మామూలు బ్లాంక్‌తో కాదు. టెస్ట్ రీడింగ్‌లోంచి దాన్ని తీసేసి, స్టాండర్డ్ రీడింగ్‌తో భాగించి, 40తోనూ 50తోనూ గుణించాలి. డెసిలీటరుకి 1400 మి.గ్రా. వచ్చి, రోజు మూత్రం 1500 మి.లీ. అయితే 21 గ్రాముల యూరియా. డాక్టరు యూరియా నైట్రోజన్ (యూరియాలోని నైట్రోజన్ బరువు మాత్రమే) అడిగితే 2.14తో భాగిస్తే 9.8 గ్రాములు. ఈ రెంటినీ కలగాపులగం చేసిన రిపోర్టు కంటే రిపోర్టు ఇవ్వకపోవడమే మేలు.

బ్లాంక్‌కే ముదురు రంగొస్తే ముందు నీళ్లనీ, గాజు సామాను కడిగిన అమ్మోనియా క్లీనర్‌నీ అనుమానించాలి. స్టాండర్డ్ రంగు వెలిసినట్టుంటే క్రోమోజెన్‌లో హైపోక్లోరైట్ చచ్చిపోయింది. మూత సరిగా బిగించని సీసాకి ఇది మామూలే. ఫ్లోరైడ్ కలిపిన శాంపిల్ అసలు వద్దు, యూరియేజ్ పడుకుంటుంది. మూత్రాన్ని బయట వదిలేస్తే ప్రోటియస్ లాంటి బాక్టీరియా యూరియాని తినేసి అమ్మోనియా మిగులుస్తాయి. అప్పుడు యూరిన్ బ్లాంక్ పెరిగి, యూరియా తగ్గి కనబడుతుంది. సేకరించినంతసేపూ డబ్బా ఫ్రిజ్‌లో ఉండాల్సిందే.

యూరియాని ఎంజైమ్ లేకుండా నేరుగా కొలిచే డయాసిటైల్ మోనాక్సిమ్ పద్ధతి అమ్మోనియాని పట్టించుకోదు, ఆ ఒక్కటీ దాని గొప్ప. గాఢమైన ఆమ్లం, మరిగే నీళ్లు, ముక్కు మూసుకునే వాసన, వెలుతురుకి వెలిసిపోయే గులాబీ రంగు. రోజుకి పది శాంపిళ్లున్న చోట ఎవరికి ఓపిక?

340 నానోమీటర్ల ఫిల్టర్ ఉంటే మాత్రం జీఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్‌తో నడిచే కైనెటిక్ (మార్పు వేగాన్ని కొలిచే) కిట్‌కే మా ఓటు. యూరియేజ్ రెండో రియేజెంట్‌లో ఉండి, రెండూ విడివిడిగా వేసే రకంలో శాంపిల్‌లోని అమ్మోనియా మొదటి దశలోనే ఖర్చయిపోతుంది, వేరే బ్లాంక్ అక్కర్లేదు. పలచన మాత్రం దీనికీ తప్పదు. రెండూ ముందే కలిపి వాడే రకంలో ఆ రియేజెంట్ రీడింగ్ 1.0 కంటే దిగితే, 340 దగ్గర వెలుతురుని పీల్చే ఎన్‌ఏడీహెచ్ అయిపోయినట్టే, పారబోయండి.