మార్గశిరపు చలిలో మూడు పొరల సైక్లింగ్ సెట్: నల్లగొండ రోడ్ల మీద దాని పనితనం

మార్గశిరం వచ్చాక నల్లగొండలో తెల్లవారుజామున సైకిల్ తీసేవారికి ఏటా ఒకటే చిక్కు. ఆరు గంటలకు ఇగం ఎముకలు కొరుకుతుంది. తొమ్మిది దాటేసరికి వీపు మీద ఎండ చురుక్కుమంటుంది. అందుచేత మన దగ్గర చలి దుస్తులకు వెచ్చదనం ఎంత అవసరమో, దారిలో విప్పి దాచుకునే వీలు కూడా అంతే అవసరం. ఈ చలికాలం ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న మూడు పొరల సెట్‌ను నేను ఆ లెక్కతోనే చూశాను. ఒంటికి అంటుకుని ఉండే పాలిస్టర్ బనియన్, దాని మీద ఫ్లీస్ (మెత్తటి నూగున్న వెచ్చటి బట్ట) చొక్కా, అన్నిటికీ పైన చేతుల్లేని విండ్‌చీటర్ అందులో ఉన్నాయి.

మూడింటిలోకీ బనియనే మేలైనది. మనలో చాలామంది నూలు బనియన్ మీద ఉన్ని స్వెట్టర్ వేసుకుని బయల్దేరతారు. నడకకు అది చాలు గానీ సైకిల్‌కు చాలదు. తొక్కుతుంటే ఎంత చలిలోనైనా చెమట పడుతుంది, నూలు ఆ చెమటను పీల్చి తనలోనే ఉంచుకుంటుంది, చాయ్ కోసం ఆగిన కాసేపట్లోనే ఆ తడి గుండెల మీద చల్లగా అతుక్కుంటుంది. పాలిస్టర్ పోగు తన బరువులో ఒక శాతం తేమనైనా పీల్చదు కనుక చెమట బట్ట పైకి పాకి త్వరగా ఆరిపోతుంది. చెర్వుగట్టు గుట్ట ఎక్కి దిగితే ఈ తేడా బాగా తెలుస్తుంది. ఎక్కేటప్పుడు ఒళ్లంతా తడిసిపోతుంది, దిగేటప్పుడు ఎదురుగాలి నేరుగా ఆ తడి మీదే పడుతుంది. నూలు బనియన్‌తో ఆ దిగుడంతా పళ్లు టకటకలాడేవి. ఇది వేసుకుంటే గుట్ట కిందికి చేరేసరికి వీపు దాదాపు పొడిగానే ఉంటోంది.

ఇక విండ్‌చీటర్. ఆకు కదలని ఉదయమైనా సరే, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తే అంత ఎదురుగాలినీ మనమే పుట్టించుకున్నట్టు. 10 డిగ్రీల చలి అప్పుడు ఒంటికి 7 డిగ్రీల్లా తగులుతుంది. పానగల్ దగ్గర ఉదయ సముద్రం కట్ట మీద నీళ్ల మీదుగా వచ్చే గాలి దానికి తోడైతే ఛాతీ బిగుసుకుపోతుంది. ఈ విండ్‌చీటర్‌కు ముందువైపు గాలి చొరని బట్ట, వెనకవైపు జాలీ బట్ట వేశారు కాబట్టి ఛాతీకి రక్షణ ఉంటుంది, వీపు ఉక్కపోయదు. పూర్వం టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో రైడర్లు కొండ దిగే ముందు జెర్సీ లోపల దినపత్రిక దోపుకునేవారు. ఆ కాగితం చేసిన పనే ఇదీ చేస్తుంది. ఎండ ఎక్కగానే విప్పి మడిస్తే పిడికిలంత అయి జెర్సీ వెనక జేబులో ఇమిడిపోతుంది. రంగు మాత్రం నలుపు ఒక్కటే దొరికింది. పొగమంచులో హైవే మీదికి వెళ్లేవారు దీన్ని వేసుకుంటే సైకిల్‌కు వెనక ఎర్ర లైటు తప్పనిసరిగా పెట్టుకోవాలి.

ఫ్లీస్ చొక్కా మన వాతావరణానికి దండగ. నల్లగొండలో బయల్దేరి నార్కట్‌పల్లి చేరకముందే ఒళ్లు ఉడికిపోతుంది. విప్పితే ఏ జేబులోనూ పట్టదు, నడుముకు కట్టుకుంటే చేతులు వెనక చక్రం దాకా వేలాడతాయి, అది ప్రమాదం. పైగా దాని జిప్పు మెడ దగ్గర బట్టలో ఇరుక్కుంటోంది. మార్చి ఇమ్మంటే సెట్ మొత్తం వాపసు పంపమన్నారు. దీని బదులు చేతులకు తొడుక్కునే ఆర్మ్ స్లీవ్‌లు ఇచ్చి ఉంటే ఎంతో బాగుండేది, వాటిని ఎప్పుడంటే అప్పుడు కిందికి లాగేయవచ్చు.

వేళ్లకు, చెవులకు ఈ సెట్‌లో ఏమీ లేదు. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు సరిగ్గా పట్టదు కనుక నిండు వేళ్ల గ్లౌజులు విడిగా కొనుక్కోవాలి. మంకీ టోపీ హెల్మెట్ కింద సరిగ్గా కూర్చోదు, వెనక వచ్చే లారీ చప్పుడునూ కొంత మింగేస్తుంది. పలుచటి టోపీ నయం.

విడివిడిగా దొరికితే బనియన్, విండ్‌చీటర్ మాత్రం తీసుకోండి. బనియన్ ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకండి, అది పోగుల మీద పొరలా పట్టి చెమట పైకి రాకుండా అడ్డుకుంటుంది.