తొమ్మిదో నంబరు కిందికి దిగితే పైకి ఎవరు పరిగెత్తాలి?

జట్టును మనమే నడిపించే కంప్యూటర్ ఆట ఫుట్‌బాల్ మేనేజర్ 2024ను రెండేళ్లకు పైగా ఆడాను. 2025 సంచిక విడుదల కాకుండానే రద్దవడంతో పాతదాన్నే పట్టుకుని ఒకే క్లబ్బుతో ఎనిమిది సీజన్లు నెట్టుకొచ్చాను. అందులో మొదటి మూడు నా మొండిపట్టుకు బలయ్యాయి. నా స్ట్రైకర్, అంటే గోల్స్ కొట్టాల్సిన తొమ్మిదో నంబరువాడు, గోల్ ముందు కాచుకుని ఉండకూడదు. మిడ్‌ఫీల్డ్‌లోకి దిగి బంతి అందుకోవాలి. అతన్ని వెంబడించాలో వద్దో తేలక, గోల్ ముందు మధ్యలో కాపలా కాసే అవతలి సెంటర్ బ్యాక్‌లు దిక్కులు చూడాలి. ఇదీ నా కోరిక. ఆ మూడు సీజన్లూ దిక్కులు చూసింది మాత్రం నేనే.

ఈ పిచ్చి నాకు అంటించింది 2009 మే 2 నాటి నిజమైన మ్యాచ్. రియల్ మాడ్రిడ్‌ను దాని సొంత మైదానంలోనే బార్సిలోనా 6-2తో ఓడించిన రోజది. కుడి అంచున ఆడే మెస్సీని బార్సిలోనా కోచ్ గ్వార్డియోలా మధ్యలోకి తెచ్చి, స్ట్రైకర్ ఎటోను కుడివైపుకు పంపాడు. మెస్సీ మధ్యలో నిలబడితే కదా! మిడ్‌ఫీల్డర్లు షావి, ఇనియెస్టాల దగ్గరికి దిగిపోతూ ఉన్నాడు. మాడ్రిడ్ సెంటర్ బ్యాక్‌లు కన్నవారో, మెట్జెల్డర్‌లకు అతని వెంట వెళితే వెనక ఖాళీ, వెళ్లకపోతే మెస్సీ చేతికి ఆట. ఈ ఎత్తు అప్పటికే పాతది. 1953 నవంబరు 25న వెంబ్లీలో హంగరీ 6-3తో ఇంగ్లండ్‌ను చిత్తు చేసినప్పుడు హిదెగ్‌కుటి తొమ్మిదో నంబరు చొక్కా వేసుకుని మిడ్‌ఫీల్డ్‌లో తిరుగుతూనే మూడు గోల్స్ కొట్టాడు.

ఫుట్‌బాల్ మేనేజర్‌లో ఈ పాత్ర పేరు ఫాల్స్ నైన్. ఉత్తుత్తి తొమ్మిది అనుకోండి. దీనికి సపోర్ట్ డ్యూటీ, అంటే తోటివాళ్లకు సాయపడే బాధ్యత, ఒక్కటే ఉంటుంది, ముందుకు దూకే అటాక్ డ్యూటీ పెట్టే వీలు లేదు. ఆట ఈ పాత్రకు ముఖ్యమని గుర్తుపెట్టి చూపించే గుణాలలో డ్రిబ్లింగ్, ఫస్ట్ టచ్, పాసింగ్, టెక్నిక్, విజన్, నిబ్బరం ఉంటాయి. ఫినిషింగ్ రెండో వరుసలోకి జరిగిపోతుంది. అక్కడే నాకు అర్థం కావలసింది. కానీ 20కి 12 ఫినిషింగ్ ఉన్నవాణ్ణి ముందు పెట్టడానికి మనసొప్పలేదు. పాసింగ్ 16 ఉన్న కుర్రవాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి, గోల్స్ కొట్టడం తప్ప మరేమీ తెలియనివాడికి ఈ పాత్ర కట్టబెట్టాను. పాపం అతను చెప్పినట్టే కిందికి దిగాడు, బంతి అందుకున్నాడు, ఎవరిచ్చారో వాళ్లకే తిరిగి ఇచ్చేశాడు. సీజన్ పొడుగునా అదే వరస.

రెండో సీజన్లో మనిషిని మార్చాను, తప్పును మార్చలేదు. వెనక నుంచి ముందుకు నలుగురు, ఇద్దరు, ముగ్గురు, ఒకడుగా నిలబడే 4-2-3-1 ఆడుతున్నాను, అంటే స్ట్రైకర్ కింద ఇంకొకడు, పదో నంబరువాడు, ముందే ఉన్నాడు. ఒక డ్రా తర్వాత, బంతి మన దగ్గర ఉన్నప్పుడు ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూపించే సగటు స్థానాల పటం తెరిచాను. తొమ్మిది, పది నంబర్ల చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వాటికి ముందు పెనాల్టీ ప్రాంతం దాకా ఒక్క చుక్క లేదు. ఆ పటం ముందే చూసి ఉంటే ఏడాది కాలం కలిసొచ్చేది. కిందికి దిగేవాడికి దిగడానికి చోటుండాలి కదా. పదో నంబరును తీసేసి 4-3-3కి మారాను: వెనక ఒక డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్, అతని ముందు ఇద్దరు.

అయినా గోల్స్ రాలేదు. ఈసారి దోషం అంచుల్లో ఉంది. రెండువైపులా వింగర్లను పెట్టాను. వాళ్లు అంచు గీత పట్టుకుని పరిగెత్తి గోల్ ముందుకు చక్కగా క్రాస్‌లు వేస్తున్నారు. అందుకోవడానికి లోపల ఎవరున్నారు? నా స్ట్రైకర్ ఇరవై గజాలు వెనక ఉన్నాడు. లివర్‌పూల్‌లో ఫిర్మినో కిందికి దిగినప్పుడు అందరూ మెచ్చుకున్నది ఫిర్మినోనే అయినా, 2017-18 లీగ్‌లో 32 గోల్స్ కొట్టింది సలా. నేను ఫిర్మినోను తయారు చేస్తూ సలాను మరిచిపోయాను.

రెండు అంచుల్లోనూ, అంచు నుంచి లోపలికి గోల్ వైపు దూసుకొచ్చే ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లను అటాక్ డ్యూటీతో పెట్టి, వెడల్పు బాధ్యత వెనక అంచుల్లో ఆడే ఫుల్ బ్యాక్‌లకు అప్పగించాక మొదటిసారి నేను కోరుకున్న గోల్ కనిపించింది. ఇప్పటికీ ఆ రికార్డింగు దాచుకున్నాను. మా సెంటర్ బ్యాక్ నేల మీదుగా గట్టిగా పంపిన బంతిని తొమ్మిదో నంబరు దాదాపు మధ్య వృత్తం దగ్గర అందుకున్నాడు. అవతలి కుడి సెంటర్ బ్యాక్ రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. ఆ రెండడుగులే చాలు. మావాడు ఒక్క స్పర్శతో తిరిగాడు. అప్పటికే ఎడమ ఇన్‌సైడ్ ఫార్వర్డ్ ఫుల్ బ్యాక్‌కూ, ఆ ఆగిపోయిన మనిషికీ నడుమ సందులోంచి దూసుకుపోతున్నాడు. పాస్ అతని పరుగుకు ముందు పడింది. నేను కుర్చీలోంచి లేచాను. చూసేవాళ్లు లేరు కాబట్టి సరిపోయింది.

ఇక అలవాట్ల సంగతి. ఆటగాళ్లకు శిక్షణలో కొన్ని అలవాట్లు నేర్పించవచ్చు. 'బంతి కోసం కిందికి వస్తాడు' అన్నది వాటిలో ఒకటి. ఫాల్స్ నైన్‌కు ఇంతకంటే తగినది ఏముంటుందనుకుని నెలల తరబడి అదే నేర్పించాను. పాత్ర ఎలాగూ కిందికి లాగుతోంది, అలవాటు ఇంకా కిందికి లాగింది. మావాడు మా డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ భుజం రాసుకుంటూ నిలబడడం మొదలుపెట్టాడు. ఆ అలవాటు మాన్పించడానికి మళ్లీ కొన్ని నెలలు పట్టాయి. దాని బదులు వన్-టూలు, అంటే బంతి ఇచ్చి పరుగెత్తి వెంటనే తిరిగి అందుకోవడం, ఆడే అలవాటు నేర్పించండి, గోల్ తెచ్చే పాస్‌లకు తరచూ ప్రయత్నించే అలవాటు కూడా. ఈ రెండూ అతను ఎక్కడ నిలబడాలో మార్చవు, బంతి దొరికాక ఏం చేయాలో మారుస్తాయి.

ఆట చేయలేని పని కూడా ఒకటుంది. 2009లో మనం చూసిన ఆ తికమక, అంటే డిఫెండర్ స్థానం వదిలి స్ట్రైకర్ వెంట చాలా దూరం రావడం, ఇందులో నాకు అరుదుగానే కనిపించింది. కంప్యూటర్ నడిపే సెంటర్ బ్యాక్‌లు చాలాసార్లు రెండడుగులు వేసి వెనక్కి వెళ్లిపోతారు, అతన్ని మిడ్‌ఫీల్డర్‌కు వదిలేస్తారు. కాబట్టి ఈ ఆటలో ఉత్తుత్తి తొమ్మిది వల్ల వచ్చే అసలు లాభం వెనక ఖాళీ కాదు, మధ్యలో అదనపు మనిషి. వాళ్లు ముగ్గురు, మనం నలుగురు. బంతి మన దగ్గర నిలుస్తుంది, ఆ నాలుగోవాడు తల ఎత్తి చూసే తీరిక దొరుకుతుంది. ఇది తెలిశాక ఆట వేగాన్ని ఒక మెట్టు తగ్గించాను. వేగం ఎక్కువగా ఉంటే పరుగెత్తేవాళ్లు బయలుదేరేలోపే బంతి వెళ్లిపోతోంది.

మ్యాచ్ తర్వాత ఆటగాళ్లకు పదికి వేసే రేటింగులను మాత్రం నమ్మవద్దు. నా లెక్కలో ఈ ఆటకున్న పెద్ద లోపం ఇదే. గోల్ కొట్టని, గోల్‌కు చివరి పాస్ (అసిస్ట్) ఇవ్వని స్ట్రైకర్‌కు ఎంత బాగా ఆడినా 6.7, 6.8 దగ్గర ఊగిసలాటే. గోల్‌కు ముందు మూడో పాస్ ఇచ్చినవాడి కష్టం ఆ అంకెలో నాకు ఎప్పుడూ కనబడలేదు. నాలుగో సీజన్ మధ్యలో ఆ అంకె చూసే అతన్ని అమ్మకానికి పెట్టాను. కొనేవాళ్లు రాలేదు, అది నా అదృష్టం. ఆ ఏడాది ఎడమవైపువాడు కొట్టిన గోల్స్‌లో సగానికి పైగా ఇతని కాళ్ల మీదుగా వెళ్లినవే. ఒక్కొక్కటిగా తిరిగి చూసి లెక్కపెట్టాను కాబట్టి తెలిసింది.

ఇంత శ్రమ వద్దనుకునేవాళ్లకు డీప్ లయింగ్ ఫార్వర్డ్ అనే మరో స్ట్రైకర్ పాత్ర ఉంది. హ్యారీ కేన్ మనసులో ఉంటే అసలు ఇదే పెట్టుకోవాలి. 2020 సెప్టెంబరు 20న సౌతాంప్టన్ మీద టాటెన్‌హామ్‌లో అతని సహచరుడు సన్ నాలుగు గోల్స్ కొడితే, నాలుగింటికీ పాస్ ఇచ్చింది కేన్, ఆపైన ఐదో గోల్ తానే కొట్టాడు. ఈ పాత్ర పోషించేవాడు బంతిని కాచి నిలబెడతాడు, పంచుతాడు, తర్వాత పెనాల్టీ ప్రాంతానికి చేరుకుంటాడు. ఉత్తుత్తి తొమ్మిది అంత నమ్మకంగా తిరిగి రాడు. పక్కన పరుగెత్తేవాడు ఒక్కడే ఉంటే నేనూ కళ్లు మూసుకుని దీన్నే ఎంచుకుంటాను.

ముగ్గురు సెంటర్ బ్యాక్‌లతో ఆడే జట్ల మీద ఫాల్స్ నైన్ నాకు పెద్దగా పనికిరాలేదు. ఒకడు ముందుకొచ్చినా ఇద్దరు మిగులుతారు. గోల్ ముందే గుడారం వేసుకునే జట్ల మీదా అంతే, దూరి వెళ్లడానికి వెనక చోటే ఉండదు.

ఆనాడు బెంచీ మీద కూర్చోబెట్టిన కుర్రవాడే నాకు చివరికి పనికొచ్చిన తొమ్మిదో నంబరు. ఇప్పుడు అతనికి వయసు పైబడుతోంది, యాక్సిలరేషన్ 14 నుంచి 11కు జారింది. తిరిగేలోపే ఎవరో ఒకరు మీదికి వచ్చేస్తున్నారు. అందుకే గంట ఆట అయ్యాక అతన్ని మిడ్‌ఫీల్డ్‌లోకి జరిపి, వెనక ఖాళీల్లోకి పరుగెత్తడమే తెలిసిన ఓ పంతొమ్మిదేళ్లవాణ్ణి అందరికంటే ముందుండే అడ్వాన్స్‌డ్ ఫార్వర్డ్‌గా దింపుతున్నాను. మొదటి గంటలో అలసిన సెంటర్ బ్యాక్‌లు వాడి పరుగును పట్టుకోలేకపోతున్నారు.