విండోస్ మొబైల్ హాట్‌స్పాట్ రివ్యూ: వైరు ఉంటే కళ్ళు మూసుకుని వాడండి, లేకపోతే కాస్త ఆలోచించండి

లాప్‌టాప్‌లో నెట్ వస్తోంది కానీ ఫోన్‌కి రావట్లేదు, టీవీ స్టిక్‌కి అస్సలు రావట్లేదు, ఏం చెయ్యాలి అన్నా అని మా పీజీలో కొత్తగా దిగిన ప్రతోడూ అడుగుతాడు, ప్రతోడికీ నోటితో చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి ఇక్కడ రాసి పడేస్తున్నా, ఇకనుంచి అడిగినోళ్ళకి ఈ లింక్ పంపిస్తా. రివ్యూ దేనికంటే విండోస్‌లో ఆల్రెడీ ఉండే మొబైల్ హాట్‌స్పాట్ అనే ఫీచర్‌కి, అంటే లాప్‌టాప్‌కి వచ్చే నెట్‌ని వైఫైలా మిగతా డివైసులకి పంచేది. డబ్బులు పెట్టి కొనే పని లేదు, డౌన్‌లోడ్ చేసే పని లేదు, అయినా సగం మందికి అది లాప్‌టాప్‌లో ఉందనే తెలీదు.

ముందు అసలు దీని అవసరం ఎవరికో చెప్తా. ఇంట్లో ఫైబర్ కనెక్షన్, మంచి రౌటర్ ఉన్నోళ్ళకి దీంతో పనే లేదు, ఇక్కడితో ఆపేసి వేరే పని చూసుకోవచ్చు. ఇది హాస్టల్ జనాలకి, పీజీ జనాలకి, కంపెనీ గెస్ట్‌హౌస్‌లో పడేసిన వాళ్ళకి. మాదాపూర్, కొండాపూర్ వైపు పీజీల్లో పరిస్థితి ఏంటంటే రూమ్‌కి ఒక లాన్ పోర్టో (నెట్ కేబుల్ గుచ్చే చోటు), ఫ్లోర్‌కి ఒక వైఫైయో ఉంటుంది, బ్రౌజర్ తెరవగానే లాగిన్ పేజీ వస్తుంది, యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ కొట్టాలి, ఒక ఐడీకి ఒకటే డివైస్. ఫోన్‌లో లాగిన్ అయితే లాప్‌టాప్‌లో ఎగిరిపోతుంది, లాప్‌టాప్‌లో ఎక్కితే ఫోన్‌లో పోతుంది. వార్డెన్‌ని అడిగితే అది నెట్ వాళ్ళ పాలసీ అంటాడు, నెట్ వాళ్ళకి ఫోన్ చేస్తే మీ ఓనర్ తీసుకున్న ప్లాన్ అదే సార్ అంటారు, మనం మధ్యలో వాలీబాల్.

హాట్‌స్పాట్ ఆన్ చేస్తే ఈ గొడవ ఎందుకు తీరుతుందంటే, లాగిన్ సర్వర్‌కి కనపడేది లాప్‌టాప్ ఒక్కటే. వెనకాల ఎన్ని ఫోన్లున్నా అన్నీ లాప్‌టాప్ అడ్రస్ మీదనే బయటికి వెళ్తాయి, లోపల మాత్రం లాప్‌టాప్ 192.168.137.1 అని తనకి ఒక నంబర్ పెట్టుకుని మిగతావాటికి దాని కింద నంబర్లు పంచుతుంది. అంటే మీ లాప్‌టాపే చిన్న రౌటర్ అయిపోతుంది, అంతే మ్యాజిక్.

ఆన్ చెయ్యడం చాలా ఈజీ. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో మొబైల్ హాట్‌స్పాట్, నెట్ ఎక్కడ్నుంచి పంచాలో (ఈథర్‌నెట్టా అంటే లాన్ కేబులా, లేక వైఫైయా) ఎంచుకుని, ఎలా పంచాలి అన్న చోట వైఫై పెట్టి, స్విచ్ నొక్కడమే. పేరూ పాస్‌వర్డూ దానంతట అదే పెట్టేస్తుంది కానీ వెంటనే మార్చుకోండి, ముఖ్యంగా టీవీ స్టిక్ కనెక్ట్ చేసేవాళ్ళు. ఆ రిమోట్‌తో స్క్రీన్ మీద ఒక్కో అక్షరం దగ్గరికీ బాణం జరుపుకుంటూ, క్యాపిటల్‌కి ఒకసారి మోడ్ మార్చి, అంకెలకి ఇంకోసారి మార్చి, ఏడో అక్షరం దగ్గర తప్పు నొక్కి మళ్ళీ మొదలుపెట్టడం ఉంటుంది చూడండి, పగవాడికి కూడా వద్దు. కనీసం 8 అక్షరాలు ఉండాలంటుంది కాబట్టి అన్నీ చిన్న అక్షరాలే ఉండేలా, కాస్త పొడుగ్గా, పక్క రూమోడు ఊహించలేని తెలుగు మాట ఏదైనా పెట్టుకోండి, బాణం తిప్పడం సగానికి తగ్గుతుంది. ఫోన్లకైతే ఆ బాధ కూడా లేదు, విండోస్ 11లో అదే పేజీలో క్యూఆర్ కోడ్ వస్తుంది, స్కాన్ చేస్తే అయిపోయింది. మా అమ్మ ఊర్నుంచి వచ్చినప్పుడు "ఒరేయ్, ఇది ఫోన్‌పే లాగానే ఉందే" అని తనే స్కాన్ చేసుకుంది.

కొంచెం పాత కథ కూడా చెప్పుకోవాలి ఎందుకంటే యూట్యూబ్‌లో ఇప్పటికీ దాని వీడియోలే ముందు వస్తాయి. నెట్ పంచుకోవడం అనే ఏర్పాటు విండోస్‌లో 1999లో వచ్చిన 98 సెకండ్ ఎడిషన్ నుంచే ఉంది, కాకపోతే అప్పుడు వైర్ల వ్యవహారం. 2009లో విండోస్ 7 వచ్చాక లాప్‌టాప్ వైఫై కార్డుతోనే హాట్‌స్పాట్ పెట్టొచ్చన్నారు కానీ దానికి బటన్ లేదు, సీఎండీ నల్ల డబ్బా తెరిచి నెట్‌ష్ అని మొదలయ్యే పొడుగాటి కమాండ్ కొట్టాలి. అమీర్‌పేట హాస్టళ్ళలో ఆ కమాండ్‌ని నోట్‌ప్యాడ్‌లో పెట్టుకుని బ్యాచ్ ఫైల్ చేసి పెన్‌డ్రైవ్‌లో పంచిన బ్యాచ్ మాది, లాప్‌టాప్‌కి ఒక డాంగిల్ గుచ్చి దాన్నుంచి వచ్చే చుక్కా చుక్కా నెట్‌ని నలుగురం పీల్చుకునేవాళ్ళం. మైక్రోసాఫ్ట్ వాళ్ళు సెట్టింగ్స్‌లో సరైన బటన్ ఇచ్చింది 2016 ఆగస్టు 2న, విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్‌లో. సరిగ్గా నెల తిరిగేసరికి సెప్టెంబర్ 5న జియో దిగింది, దాంతో ఫోన్‌లోనే నెట్ పొంగిపొర్లి, లాప్‌టాప్ నుంచి ఫోన్‌కి ఇవ్వడం పోయి ఫోన్ నుంచి లాప్‌టాప్‌కి తీసుకోవడం మొదలైంది. కరువులో ఉన్నన్నాళ్ళూ బటన్ లేదు, బటన్ వచ్చేసరికి కరువు పోయింది, అందుకే మనోళ్ళలో చాలామంది దీన్ని పట్టించుకోలేదని నా అనుమానం.

ఆ నెట్‌ష్ కమాండ్ వీడియోలు చూసి ఇప్పుడు కొత్త లాప్‌టాప్‌లో కొట్టకండి. కొత్త వైఫై డ్రైవర్లు చాలావాటిలో హోస్టెడ్ నెట్‌వర్క్ (ఆ పాత కమాండ్ వాడుకునే పద్ధతి) సపోర్ట్ 'నో' అని వస్తుంది, అది చూసి నా లాప్‌టాప్‌లో హాట్‌స్పాట్ రాదు అని కంగారు పడిపోయి ఏవేవో డ్రైవర్లు దించి ఉన్న వైఫై కూడా పోగొట్టుకున్న కుర్రాళ్ళున్నారు. ఇప్పటి బటన్ వైఫై డైరెక్ట్ అనే వేరే దారిలో పనిచేస్తుంది, అక్కడ నో ఉన్నా ఇక్కడ శుభ్రంగా నడుస్తుంది.

ఇక అసలు విషయం, స్పీడ్. ఇక్కడే నా రివ్యూ రెండు ముక్కలవుతుంది. లాప్‌టాప్‌కి నెట్ లాన్ కేబుల్ ద్వారా వస్తుంటే ఈ ఫీచర్‌కి నాలుగున్నర స్టార్లు ఇస్తా. వైఫై కార్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి దాని బలమంతా ఫోన్లకే పెడుతుంది, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (వైఫై సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీ) ఎంచుకుంటే ఒకే రూమ్‌లో ఉన్నంతసేపు పీజీ వాడిచ్చే స్పీడ్ ఎంతో దాదాపు అంతా ఫోన్‌లో కనిపిస్తుంది. అదే లాప్‌టాప్‌కి నెట్ వైఫైలో వస్తూ మళ్ళీ వైఫైలోనే పంచితే రెండున్నర స్టార్లు, అదీ మొహమాటానికి. ఎందుకంటే మామూలు కార్డులో రేడియో ఒకటే, అది రౌటర్‌తో మాట్లాడేటప్పుడు మీ ఫోన్‌తో మాట్లాడదు, ఫోన్‌కి ఇచ్చేటప్పుడు రౌటర్ నుంచి తీసుకోదు, డ్రైవరే టికెట్లు కొట్టే ఆర్టీసీ బస్సు లాగా ప్రతి స్టేజీలోనూ ఆగి ఆగి పోవాల్సిందే. స్పీడ్ సగానికి పడిపోవడం మామూలు, నలుగురు ఎక్కితే ఇంకా దారుణం. పైగా ఎక్కువ కార్డులు రెండు పనులూ ఒకే ఛానల్‌లో చేస్తాయి కాబట్టి, పీజీ వైఫై 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఉంటే మీ హాట్‌స్పాట్ కూడా 2.4కే అతుక్కుపోతుంది, అప్పటికే ఆ ఫ్లోర్‌లో పది మంది అందులోనే కొట్టుకుంటూ ఉంటారు.

రూమ్‌లో లాన్ పోర్ట్ ఉండి లాప్‌టాప్‌కి లేకపోతే (ఈ సన్నటి లాప్‌టాప్‌లన్నీ ఇంతే) ఒక యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్ తీసుకోండి, ఈ మొత్తం వ్యవహారంలో పెట్టాల్సిన ఖర్చు ఏదైనా ఉందంటే అదొక్కటే.

బ్యాండ్ గురించి ఇంకో మాట. 5 పెట్టాక స్మార్ట్ బల్బో ప్లగ్గో కనెక్ట్ అవ్వట్లేదని తల పట్టుకోవద్దు, చవక స్మార్ట్ సామాన్లు ఎక్కువ శాతం 2.4 మాత్రమే చూస్తాయి, వాటికి 5 కనపడనే కనపడదు. పాత ఫోన్లు కూడా అంతే. అలాంటివి ఉంటే 2.4 పెట్టుకుని సర్దుకోవాలి.

చిరాకు తెప్పించేవి చెప్తా. ఒకటి, పవర్ సేవింగ్ అని ఒక ఆప్షన్ అదే పేజీలో ఆన్‌లో ఉంటుంది, ఏ డివైసూ కనెక్ట్ అయి లేకపోతే ఐదు నిమిషాల్లో హాట్‌స్పాట్ దానంతట అదే ఆగిపోతుంది, మీరు ఫోన్ పట్టుకుని టిఫిన్‌కి కిందకి వెళ్ళి వచ్చేసరికి నెట్ ఉండదు. దాన్ని ఆఫ్ చేసేయండి. లాప్‌టాప్ మూత మూస్తే స్లీప్‌లోకి పోతుంది, నెట్ కూడా పడుకుంటుంది, కాబట్టి మూత మూసినా ఏమీ చెయ్యకు అని కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో చెప్పాలి, చెప్పాక దాన్ని మాత్రం పరుపు మీదా దుప్పటి కిందా పెట్టకండి, వేడెక్కి ఫ్యాను గోల పెడుతుంది. అన్నిటికంటే పెద్ద చిరాకు, రీస్టార్ట్ అయితే హాట్‌స్పాట్ తనంతట తాను ఆన్ అవ్వదు. రాత్రి అప్‌డేట్ పడి రీస్టార్ట్ అయితే పొద్దున్నే రూమ్మేట్ వచ్చి "అన్నా, కాస్త నెట్ ఆన్ చెయ్యవా, స్టాండప్ మీటింగ్ ఉంది" అని దుప్పటి లాగుతాడు. ఇన్నేళ్ళయినా ఆ ఒక్క టిక్ బాక్స్ ఎందుకు పెట్టలేదో వాళ్ళకే తెలియాలి. లిమిట్ 8 డివైసులు, పీజీ రూమ్‌కి అది ఎక్కువే.

ఫోన్ కనెక్ట్ అయినట్టే ఉండి ఐపీ అడ్రస్ తీసుకుంటున్నా అని తిరుగుతూనే ఉంటే మాత్రం రౌటర్‌నీ ఫోన్‌నీ తిట్టకండి, ఎక్కువసార్లు దొంగ లాప్‌టాప్‌లోనే ఉంటాడు. బయట యాంటీవైరస్ వేసుకుంటే దాని ఫైర్‌వాల్ ఆ నంబర్లు పంచే పనిని అడ్డుకుంటూ ఉండొచ్చు, ఒకసారి ఆపి చూడండి. అదీ కాకపోతే సర్వీసెస్‌లోకి వెళ్ళి ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ అనేది నడుస్తోందో లేదో చూసి ఆ సర్వీస్‌కే రీస్టార్ట్ కొట్టండి, చాలావరకు దారికొస్తుంది.

కంపెనీ లాప్‌టాప్ ఉన్నోళ్ళు ఆశ పెట్టుకోవద్దు. ఐటీ వాళ్ళు పాలసీ పెట్టి ఈ బటన్‌నే మూసేసే కంపెనీలు బోలెడు, మూయకపోయినా ఆఫీస్ నెట్ బయటికి పంచితే హెచ్‌ఆర్ మెయిల్ వస్తుంది, ఆ పని వద్దు. లాప్‌టాప్‌లో వీపీఎన్ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పేది) ఆన్ చేసి ఫోన్‌లో కూడా వీపీఎన్ వస్తుందనుకుంటారు కొందరు, రాదు, కొన్ని వీపీఎన్‌లైతే ఆన్ అవ్వగానే హాట్‌స్పాట్ నెట్‌నే ఆపేస్తాయి.

ఆపిల్ మ్యాక్ వాళ్ళకి సిస్టమ్ సెట్టింగ్స్‌లో జనరల్, షేరింగ్ కింద ఇంటర్నెట్ షేరింగ్ ఉంటుంది, కేబుల్ నుంచి వైఫైకి పంచడానికి బావుంటుంది. విండోస్ బదులు ఉబుంటు లినక్స్ వాడితే వైఫై పేజీ పైన మూడు చుక్కలు నొక్కితే హాట్‌స్పాట్ వస్తుంది, కానీ అది ఆన్ చేస్తే లాప్‌టాప్ అప్పటిదాకా ఉన్న వైఫై కనెక్షన్ తెగిపోతుంది, కాబట్టి అక్కడ కూడా వైరు ఉండాల్సిందే. కనెక్టిఫై లాంటి సాఫ్ట్‌వేర్లు విండోస్ 7 రోజుల్లో దేవుళ్ళు, ఇప్పుడు ఒకటో రెండో డివైసులకి నెట్ పంచడానికి వాటికి డబ్బు కట్టడం నాకైతే దండగ.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఫోన్ దృష్టిలో ఇది మామూలు వైఫై, అంటే అన్‌లిమిటెడ్ అనుకుని ఫోటోల బ్యాకప్పూ ప్లేస్టోర్ అప్‌డేట్లూ అన్నీ మొదలుపెట్టేస్తుంది, లాప్‌టాప్‌లో మీటింగ్ ముక్కలు ముక్కలుగా వస్తుంటే కారణం అదే అయ్యుండొచ్చు, ఫోన్‌లో ఆ నెట్‌వర్క్‌ని మీటర్డ్ (అంటే డేటా లెక్కచూసి వాడాల్సిన నెట్) అని పెట్టండి. రెండోది, లాగిన్ మీ పేరు మీద ఉంది. పక్క రూమ్ తమ్ముడు మంచోడే కావచ్చు, వాడు ఏం దించుకున్నా లాగ్‌లో కనపడేది మీ ఐడీనే, కాబట్టి పాస్‌వర్డ్ ఫ్లోర్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకండి. ఫోన్ నుంచి కామన్ హాల్‌లో టీవీకి కాస్ట్ చేద్దామంటే కూడా కుదరదు, మీ ఫోన్ లాప్‌టాప్ వెనకాల వేరే నెట్‌వర్క్‌లో ఉంటుంది, ఆ టీవీ లిస్టులోకే రాదు.

రోజంతా నడవాలి, లాప్‌టాప్ ఆఫీస్‌కి తీసుకెళ్ళినా రూమ్‌లో నెట్ ఉండాలి అంటే ఇది కాదు మీకు కావాల్సింది, వెయ్యి పదిహేను వందల్లో వచ్చే చిన్న రౌటర్. దాన్ని లాన్ పోర్ట్‌కి పెట్టి ఏదో ఒక ఫోన్‌లో ఒకసారి లాగిన్ కొడితే చాలు, సర్వర్‌కి రౌటర్ ఒక్కటే కనపడుతుంది, లాగిన్‌ని లాప్‌టాప్ అడ్రస్‌కే కట్టేసిన చోటైతే రౌటర్ సెట్టింగ్స్‌లో మ్యాక్ క్లోన్ (ఆపిల్ మ్యాక్ కాదు, లాప్‌టాప్ హార్డ్‌వేర్ అడ్రస్‌ని రౌటర్ తనదిగా చూపించడం) అని ఉంటుంది, అది వాడుకోవాలి. మా రూమ్‌లో ముగ్గురం తలా ఐదొందలు వేసుకుందామనే మాట నడుస్తోంది, రూల్స్ ప్రకారం రూమ్‌లో రౌటర్ పెట్టొచ్చా అని వార్డెన్‌ని అడగడానికి మాత్రం ఎవడూ ముందుకు రావట్లేదు.