క్రిటా, తెర లేని పెన్ టాబ్లెట్: రెండేళ్లు వాడాక

ఖరీదైన సాఫ్ట్‌వేర్, తెర ఉన్న టాబ్లెట్ లేకపోతే గేమ్ ఆర్ట్ జోలికే వెళ్లకూడదని అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అమలాపురం దగ్గర మా ఊళ్లోనే ఉండి గేమ్ ఆర్ట్‌లో ఆన్‌లైన్ కోర్సు చేస్తున్నాను. మొదటి వారం నుంచీ నా దగ్గరున్నవి బొమ్మలు వేసే ప్రోగ్రామ్ క్రిటా, తెర లేని మామూలు పెన్ టాబ్లెట్ (లాప్‌టాప్‌కి తగిలించి పెన్నుతో గీసే పలక), 8 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్. రెండేళ్లు దాటింది. కోర్సు పనికి ఇవి సరిపోయాయి, సొంత పెయింటింగ్‌కి ఇంకా బాగా సరిపోయాయి.

క్రిటా ఉచితం, ఓపెన్ సోర్స్. చందా కట్టక్కర్లేదు, ఒకసారి దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. వానాకాలంలో మా వైపు కరెంటూ నెట్టూ కలిసే పోతాయి, అందుకే నాకిది పెద్ద విషయం. ఆటోసేవ్ గడువు మాత్రం తగ్గించి పెట్టుకోండి. పెద్ద మార్పు చేసే ముందు కంట్రోల్, ఆల్ట్, ఎస్ కలిపి నొక్కితే పాత ఫైలు అలాగే ఉండి, కొత్త నంబరుతో ఇంకోటి సేవ్ అవుతుంది.

కోర్సులో తరచూ వచ్చేది టెక్స్చర్ పని, అంటే ఆటలోని 3డీ మోడల్ మీద పరిచే ఉపరితలపు బొమ్మ వేయడం. గోడైనా, నేలైనా, కప్పైనా పక్కపక్కన పేర్చినప్పుడు అతుకు కనిపించకూడదు. డబ్ల్యూ నొక్కితే క్రిటా కాన్వాస్‌ని నాలుగు వైపులా మళ్లీ మళ్లీ పరిచి చూపిస్తుంది, కుడి అంచు దాటిన గీత ఎడమ అంచులోంచి వస్తుంది. ఒక వారం మండువా ఇంటి పెంకుల కప్పు ఎంచుకున్నాను. 2048 పిక్సెళ్ల చదరంలో వరసలు వేసి, నాచుని ఎక్కడ పడితే అక్కడ జల్లకుండా తడి నిలిచే కింది అంచుల దగ్గరే పెట్టాను. ఒక్క మరక మరీ కొట్టొచ్చినట్టు ఉన్నా, కప్పంతా పరిచాక అదే మరక వరసగా కనబడి గుట్టు బయటపెడుతుంది. ఈ పద్ధతిలో ఆ సంగతి వేస్తున్నప్పుడే తెలిసిపోతుంది. ఇక అసలు రంగు మ్యాప్‌లో (వస్తువు రంగు మాత్రమే ఉండే టెక్స్చర్‌లో) ఎండా నీడా వెయ్యకూడదు, వెలుతురు ఆటని నడిపే గేమ్ ఇంజన్ ఇస్తుంది. పెంకు గుండ్రంగా కనబడాలని నీడ దిద్దడానికి చెయ్యి లాగుతూనే ఉంటుంది కానీ, ఆ పని ఎత్తుపల్లాలు ఎటు తిరిగి ఉన్నాయో ఇంజన్‌కి చెప్పే నార్మల్ మ్యాప్‌ది.

సొంత పెయింటింగ్ దీనికి పూర్తిగా ఎదురు, అక్కడ వెలుతురే బొమ్మ. కోనసీమలో వేసేవాళ్లకి అసలు పరీక్ష పచ్చతోనే. కొబ్బరి పచ్చ, అరటి పచ్చ, వరి పచ్చ, కాలవలో గుర్రపుడెక్క పచ్చ. ఎన్ని పచ్చలు కలిపినా అవి ఒకదాన్నుంచి ఒకటి విడిపోవు, వెలుగు నీడల మెట్లు సరిగ్గా పడితేనే విడిపోతాయి. అందుకని అన్నిటికీ పైన రంగు తీసేసే ఫిల్టర్ లేయర్ పెట్టుకుని, దాని పక్కనున్న కన్ను గుర్తు నొక్కి ఆ లేయర్‌ని చూపిస్తూ దాస్తూ వేస్తాను. వెనక నుంచి ఎండ పడ్డ అరటాకు పసుపుకి తిరుగుతుంది, పైనుంచి పడితే ఆకాశాన్ని అద్దుకుని చల్లగా మెరుస్తుంది. ఇది కోర్సులో ఆకుల మెటీరియల్ చేసేటప్పుడూ పనికొచ్చింది. మెట్లు చదవడం అలవాటు చేసుకోవాలంటే రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లండి. 1897లో పుట్టి 1925లోనే పోయిన ఆయన అసలు బొమ్మల ముందు నిలబడి, కళ్లు చికిలించి చూడండి. లాప్‌టాప్ తెర మీద చూసే బొమ్మ ఆ పని చేయదు.

గోదారి ఒడ్డున కోటిపల్లి రేవులో స్కెచ్ వేస్తుంటే, జనాన్ని ఏరు దాటించే పంటు నడిపే సరంగు గారు, "ఇప్పుడేముందమ్మా, ఎర్రనీరు వచ్చాక రా, అప్పుడు చూడాలి గోదారిని" అన్నారు. వరద మొదలయ్యాక వెళ్లాను. కాళ్ల దగ్గర నీరు ఎర్రమట్టి రంగు, దూరం పోయేకొద్దీ మబ్బు రంగు. ఒకే నీటిలో ఈ రెంటినీ కలపడానికి క్రిటాలో రంగుని పులిమే స్మడ్జ్ బ్రష్‌లు నాకు అన్నిటికంటే నచ్చాయి. అక్కడ పెన్సిల్‌తో గీసి రంగులు మాటల్లో రాసుకుని, ఇంటికొచ్చి అదే సాయంత్రం వేస్తాను. మర్నాటికి ఆ రంగు కంట్లో ఉండదు.

టాబ్లెట్ సంగతి. చెయ్యి ఒకచోట, చూపు ఒకచోట కుదరడానికి కొన్ని వారాలు పడుతుంది, తర్వాత గుర్తే ఉండదు. పెట్టె మీద 8192 పెన్ను ఒత్తిడి స్థాయిలని రాసి ఉంటే దానికి మురిసిపోవద్దు. క్రిటా సెట్టింగుల్లో, ఎంత నొక్కితే ఎంత ఒత్తిడిగా లెక్కపెట్టాలో చెప్పే ఒత్తిడి వంపుని మీ చేతికి తగ్గట్టు మార్చుకోవడంతో వచ్చే తేడా అంతకంటే ఎక్కువ. మా తేమకి అరచెయ్యి టాబ్లెట్‌కి అతుక్కుపోతుంది, రెండు వేళ్ల గ్లవ్ లేనిదే కుదరదు. పెన్ను మొనలు అరుగుతాయి, కొన్నప్పుడే అదనంగా తెప్పించుకోండి. నాది మొదటి ఏడాదిలోనే కేబుల్ వదులైంది. ఊడదీసి మార్చుకునే రకం కాబట్టి బయటపడ్డాను.

పరిమితులూ ఉన్నాయి. 4096 పిక్సెళ్ల కాన్వాస్‌లో లేయర్లు పెరిగితే ఈ లాప్‌టాప్ మీద బ్రష్ వెనకబడుతుంది. పీఎస్‌డీగా (ఫొటోషాప్ ఫైలుగా) సేవ్ చేస్తే ఫిల్టర్ లేయర్ల లాంటివి అవతలి ప్రోగ్రామ్‌లో ఉన్నవున్నట్టు తెరుచుకోవు. అందుకే లేయర్లన్నీ కలిపేసిన కాపీని కూడా జతచేసి ఇస్తాను. 3డీ మోడల్ మీదే నేరుగా రంగు వేయడం క్రిటా పని కాదు. ఈ మధ్య ఆ అసైన్‌మెంట్లు మొదలయ్యాయి, వాటిని 3డీ ప్రోగ్రామ్ అయిన బ్లెండర్‌లోని టెక్స్చర్ పెయింట్‌లో చేస్తున్నాను, ఇదే పెన్నుతో.