ఆడలేక మద్దెల ఓడన్న నాలుగేళ్లు: ఒక గ్రాఫిక్స్ కార్డు సమీక్ష

ఆటల బొమ్మలను తెర మీద గీసే ఈ గ్రాఫిక్స్ కార్డును మూడుసార్లు వదిలించుకుందామనుకున్నాను. మూడుసార్లూ తప్పు దానిది కాదని తేలింది. నాలుగేళ్లు దాటినా ఇప్పటికీ అదే క్యాబినెట్‌లో ఉంది, దాదాపు రోజూ రాత్రి రెండు గంటలు పనిచేస్తుంది. 8 జీబీ మెమరీ, రెండు ఫ్యాన్లు, ఒక 8 పిన్ పవర్ కనెక్టర్, ఆటలో ఉన్నప్పుడు 200 వాట్ల దాకా లాగే మధ్యరకం కార్డు. కొన్న వారంలో రాసే సమీక్షల్లో బెంచ్‌మార్క్ అంకెలు బోలెడు ఉంటాయి. మూడో ఏడు వచ్చేసరికి అదే ఆట ఎందుకు ఆగి ఆగి నడుస్తుందో మాత్రం వాటిలో దొరకదు. అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. మోడల్ పేరు కావాలనే వదిలేశాను. కార్డు ఏదైనా రోగాలు ఇంచుమించు ఇవే.

మొదటి రోజు సంగతి చెప్పుకోవాలంటే ఇప్పటికీ సిగ్గే. కార్డు బిగించి ఆట తెరిస్తే సెకనుకు 14 ఫ్రేములు, అంటే సెకనులో తెర మీదికి వచ్చే బొమ్మలు పద్నాలుగే. డ్రైవర్ (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ వేశాను, విండోస్ అప్‌డేట్ చేశాను, రెండు రోజులు అదే టెన్షన్. వాపస్ ఇచ్చేద్దామని పెట్టె కూడా సర్దాను. తమ్ముడు వచ్చి క్యాబినెట్ వెనక్కి వంగి చూసి, "అన్నా, మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి పెట్టావు" అన్నాడు. ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న గ్రాఫిక్స్ మీద ఆట నడుస్తోంది, కొత్త కార్డు పక్కన ఊరికే కూర్చుంది. వెనక వైపు యూఎస్‌బీ పోర్టుల దగ్గర ఉండే హెచ్‌డీఎంఐ మదర్‌బోర్డుది. దానికి కింద, విడిగా ఒక వరసలో ఉండేవి కార్డువి. కేబుల్ మార్చగానే 14 కాస్తా 90 అయింది.

మానిటర్ విషయంలో ఇంతకంటే ఘోరం. 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు మారే) మానిటర్‌ను ఎనిమిది నెలలు 60 హెర్ట్జ్‌లో వాడాను. కార్డు 110 ఫ్రేములు ఇస్తున్నట్టు చూపిస్తోంది, కంటికి ఆ తేడా తెలియడం లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఆటలోని ప్రతి సెట్టింగూ కదిపి చూశాను. అసలు సంగతి విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే అనే చోట ఉంది. అక్కడ రిఫ్రెష్ రేట్ 60 అని ఉంది. అంటే తెర 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది. 144లో అయితే 6.9కి ఒకసారి. కార్డు ఎన్ని ఫ్రేములు గీసినా తెర చూపించగలిగేది అంతే.

ఈ రెండూ నా అజాగ్రత్త. బుర్ర పెట్టాల్సినవి తర్వాత వచ్చాయి.

రెండో ఏడు ఒక పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్ వేశాను. ఊరి బయట పొలాల్లో 80 ఫ్రేములు, జనం తిరిగే నగరంలోకి వెళితే 40, మధ్య మధ్యలో జెర్కులు. అందరూ చేసేదే నేనూ చేశాను. సెట్టింగ్స్ అల్ట్రా నుంచి మీడియంకు, అక్కడి నుంచి లోకు దించాను. నగరంలో 40 అలాగే ఉంది, బొమ్మ మాత్రం వికారంగా తయారైంది. కోపంతో రిజల్యూషన్ (బొమ్మలోని పిక్సెళ్ల సంఖ్య) కూడా 1080పీ నుంచి 720పీకి దించితే 42. అప్పుడు గానీ తట్టలేదు. గీయాల్సిన పిక్సెళ్లు సగానికి పైగా తగ్గినా వేగం పెరగలేదంటే, ఆలస్యం గీసేవాడిది కాదు, ఏం గీయాలో చెప్పేవాడిది. అంటే ప్రాసెసర్, దానికి సరుకు అందించే ర్యామ్.

ఈ రిజల్యూషన్ పరీక్షకు పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. దించగానే ఫ్రేములు బాగా పెరిగితే భారం కార్డు మీద ఉన్నట్టు. పెరగకపోతే కార్డు మార్చినా ఒరిగేది ఏమీ లేదు.

నిర్ధారణ కోసం ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ వేసుకుని, ఆట ఆడుతుండగానే మూల మీద అంకెలు కనబడేలా పెట్టుకున్నాను. ఉచితం, వేరే కంపెనీల కార్డులకూ పనిచేస్తుంది. కార్డు వాడకం 97, 98 శాతం ఉంటే అది శక్తంతా పెడుతున్నట్టు. ఫ్రేములకు మనం ఏ పరిమితీ పెట్టకుండానే ఈ వాడకం 55 శాతం దగ్గర తిరుగుతుంటే, పని కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్నట్టు. నాది సరిగ్గా 55. ఇక్కడే ఇంకోసారి బోల్తా పడ్డాను. ప్రాసెసర్ వాడకం 30 శాతమే చూపిస్తోంది, పాపం దాని తప్పేముంది అనుకున్నాను. ఒకేసారి 12 పనుల వరసలు (థ్రెడ్లు) నడిపే ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 8 శాతమే. ఒక్కోదాన్ని విడిగా చూస్తే ఒకటి 100 దగ్గర అతుక్కుపోయి ఉంది, మిగతావి తీరిగ్గా ఉన్నాయి.

ప్రాసెసర్ మార్చలేదు. ర్యామ్ చూస్తే 16 జీబీ ఒకే స్టిక్, నడుస్తున్నది 2133 వేగంలో. దాని మీద అంటించిన కాగితం మాత్రం 3200 అంటోంది. బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లోకి) వెళ్లి, ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంలో నడిపించే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసేదాకా ఇలాంటి ర్యామ్ మామూలు వేగంలోనే నడుస్తుందని నాకెవరూ చెప్పలేదు. ఒక డీడీఆర్4 స్టిక్ 2133లో సెకనుకు 17 జీబీ అందిస్తే, రెండు స్టిక్కులు కలిసి 3200లో 51 జీబీ అందిస్తాయి. అలాంటిదే ఇంకోటి కొన్నాను. అదీ ముందు తప్పు స్లాట్‌లో పెట్టాను. నాలుగు స్లాట్లు ఉన్న చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది నింపాలి. పక్కపక్కనే పెడితే రెండూ ప్రాసెసర్‌కు వెళ్లే ఒకే దారిలో (ఛానెల్‌లో) పడతాయి. సరిచేశాక నగరంలో 40 కాస్తా 58 అయింది, జెర్కులు ముప్పాతిక పోయాయి. నాలుగేళ్లలో ఈ కంప్యూటర్ మీద పెట్టిన ఖర్చుల్లో ఇంత గిట్టుబాటు అయింది వేరే లేదు.

మూడో ఏడు వచ్చిన జబ్బు వేరు. ఆట మొదలుపెట్టిన ఇరవై నిమిషాలు బ్రహ్మాండంగా ఉంటుంది, తర్వాత మెల్లగా 75 నుంచి 58కి దిగుతుంది. ఆపి కాసేపాగి వస్తే మళ్లీ మామూలే. ఆ ఇరవై నిమిషాల గడువే ఆనవాలు. డ్రైవర్ లోపం అయితే సాధారణంగా మొదటి నిమిషం నుంచే ఏడిపిస్తుంది. వేడి ఎక్కడానికి మాత్రం టైమ్ కావాలి. చూస్తే చిప్ 84 డిగ్రీలు, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడెక్కిన చోటు) 107, క్లాక్ (చిప్ వేగం) 1900 మెగాహెర్ట్జ్ నుంచి 1550కి పడిపోయింది. కార్డు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోంది.

ముందు క్యాబినెట్ సైడ్ ప్యానెల్ తీసేసి ఆడాను. మూడు డిగ్రీలే తగ్గింది. బాగా తగ్గి ఉంటే లోపలికి గాలి ఆడటం లేదని అర్థం, ఇంకో ఫ్యాన్ పెడితే సరిపోయేది. తగ్గలేదు కాబట్టి గొడవ కార్డు హీట్‌సింక్ (చిప్ వేడిని లాగే లోహపు భాగం) దగ్గరే. బ్లోయర్‌తో దుమ్మంతా ఊదాను. ఫ్యాన్ల కింద, హీట్‌సింక్ సందుల్లో దూది పరిచినట్టు ఉంది. దాంతో ఇంకో ఐదు డిగ్రీలు. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గాలికి అది అదుపు లేకుండా తిరిగి బేరింగ్ చెడుతుంది. ఈ ముక్క నాకు ఆలస్యంగా తెలిసింది.

దుమ్ము పోయినా చిప్‌కూ హాట్‌స్పాట్‌కూ మధ్య తేడా 20 డిగ్రీలకు పైనే ఉంది. కొత్తలో 12 ఉండేది. అంటే చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే పేస్ట్ ఎండి, కొన్ని చోట్ల ఆనడం లేదన్నమాట. వారంటీ అయిపోయింది కాబట్టి విప్పాను. వారంటీ ఉన్నవాళ్లు ముందు దాని షరతులు చదువుకోండి. పేస్ట్ మార్చడం పెద్ద పని కాదు, అసలు పరీక్ష మెమరీ చిప్పుల మీద ఉండి వాటి వేడిని హీట్‌సింక్‌కు చేరవేసే మెత్తని థర్మల్ ప్యాడ్లది. విప్పేటప్పుడు రెండు చిరిగాయి. వాటి స్థానంలో 1.5 మిల్లీమీటర్లవి పెట్టి బిగించి ఆట తెరిస్తే, నిమిషం తిరక్కుండానే హాట్‌స్పాట్ 110. గుండె ఆగినంత పనైంది. పాతవి ఒక మిల్లీమీటరువి. నేను పెట్టినవి మందం కావడంతో హీట్‌సింక్ చిప్ మీద కూర్చోకుండా పైకి లేచింది. సరైన మందంవి తెప్పించి మళ్లీ విప్పి బిగించాక చిప్ 72, హాట్‌స్పాట్ 85. క్లాక్ గంట సేపు ఆడినా 1900 దగ్గరే నిలబడింది. వోల్టేజీ 0.9 వోల్టులకి తగ్గించి అదే క్లాక్‌లో నడిపితే వాడకం 160 వాట్ల దరిదాపులకు వచ్చింది, ఇంకో ఐదు డిగ్రీలు దిగింది. 0.85కి వెళితే అరగంటకో ఆట దానంతటదే మూతపడేది, అందుకే 0.9 దగ్గర ఆగాను.

నాలుగో ఏడు ఎదురైంది మాత్రం నిజంగా కార్డు హద్దే. కొత్త ఆటల్లో టెక్స్చర్లు (వస్తువుల పైన అతికించే బొమ్మలు) అల్ట్రాలో పెడితే సగటు 60 ఫ్రేములు వస్తాయి, కానీ మలుపు తిరిగినప్పుడల్లా బొమ్మ ఒక క్షణం బిగుసుకుపోతుంది. సగటును నమ్మితే మోసపోయేది ఇక్కడే. అందుకే ఇప్పుడు ఒక్కో ఫ్రేముకు పట్టే సమయాన్ని చూపే ఫ్రేమ్‌టైమ్ గీతనే చూస్తాను, అది చదునుగా ఉంటే 50 ఫ్రేములైనా హాయిగా ఉంటుంది. 8 జీబీ నిండిపోగా మిగిలిన సరుకు కంప్యూటర్ ర్యామ్‌లోకి పోతుంది. కార్డు సొంత మెమరీ సెకనుకు 448 జీబీ ఇస్తుంటే, కార్డును మదర్‌బోర్డుకు కలిపే పీసీఐఈ 4.0 దారి గుండా వచ్చేది 32 జీబీకి లోపే. టెక్స్చర్లను ఒక్క మెట్టు దించి హైలో పెడితే చిక్కు విడిపోయింది, కంటికి తేడా కూడా పెద్దగా తెలియదు. ఇది అర్థమయ్యాక సెట్టింగ్స్ మొత్తాన్ని కలిపి దించడం మానేశాను. టెక్స్చర్లు తినేది మెమరీ. నీడలు, పొగమంచు, రే ట్రేసింగ్ (కాంతి దారిని లెక్కగట్టి గీయడం) తినేది చిప్ శక్తి. ఏది చాలడం లేదో చూసుకుని దాన్నే తగ్గిస్తాను.

డ్రైవర్ల గురించి నాకు ఫిర్యాదులు లేవు. ఒక్కసారి మాత్రం డీడీయూ అనే డ్రైవర్లను తుడిచే సాఫ్ట్‌వేర్‌తో సేఫ్ మోడ్‌లో పాతది పూర్తిగా తుడిచి కొత్తది వేయాల్సి వచ్చింది. కొత్త డ్రైవర్ వేశాక మొదటి అరగంట జెర్కులు వస్తే కంగారు పడనక్కర్లేదు, ఆట షేడర్లను (బొమ్మ గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములను) మళ్లీ తయారు చేసుకుంటుంది. ఒక్క క్లిక్‌తో ఆటల వేగం పెంచుతామనే బూస్టర్ సాఫ్ట్‌వేర్లు రెండు వాడి చూశాను. పెరిగింది వాటి ప్రకటనలు మాత్రమే. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (చిన్న బొమ్మ గీసి దాన్ని పెద్దది చేయడం) మీద చాలామందికి ఉన్నంత మోజు నాకు లేదు. 1080పీ తెరలో క్వాలిటీ మోడ్ పెట్టినా లోపల గీసేది 720పీ బొమ్మే, జుట్టు, కంచెలు మిలమిలలాడతాయి. తమ్ముడి 1440పీ మానిటర్‌లో మాత్రం అదే చాలా బాగుంది.

ఇప్పటి పరిస్థితి: పాత ఆటలు 100 పైన, కొత్తవి హై సెట్టింగ్స్‌లో 55 నుంచి 70. 1080పీ దాటనివాళ్లకు ఈ తరగతి కార్డు ఇంకో రెండేళ్లు లాగుతుంది. రే ట్రేసింగ్ కావాలన్నా, 1440పీ తెర కొన్నా 8 జీబీ చాలదు, కొనేటప్పుడే పెద్దది చూసుకోవాలి. ఈమధ్య ఎడమ ఫ్యాన్ 40 శాతం వేగం దగ్గర గరగరమంటోంది. చివరికి కార్డులో ఒక లోపం దొరికిందని సంబరపడేలోపే తమ్ముడు, "దుమ్ము ఊదినప్పుడు రెక్కలు పట్టుకున్నావా అన్నా?" అని అడిగాడు. పట్టుకోలేదు. ఫ్యాన్ ఆర్డర్ పెట్టాను, అది వచ్చేదాకా ఫ్యాన్ కర్వ్‌లో (వేడిని బట్టి ఫ్యాన్ వేగం నిర్ణయించే సెట్టింగ్‌లో) 40 దగ్గర ఆగకుండా 35 నుంచి నేరుగా 48కి దూకేలా పెట్టుకుని ఆడుకుంటున్నాను.